'స్మిటెన్' పదచరిత్ర: ప్రేమను దెబ్బగా చెప్పిన భాష

వ్యాససంగ్రహం

ప్రేమకు లోనైన మనిషిని ఆంగ్లం 'స్మిటెన్' అంటుంది. ఈ మాటకు మూలార్థం 'దెబ్బ తిన్న' అని. దైవశిక్షను, రోగపీడను చెప్పిన క్రియారూపం 17వ శతాబ్దిలో ప్రేమికుడి స్థితిని చెప్పే విశేషణంగా స్థిరపడింది. ఆ పరిణామాన్ని ఈ వ్యాసం పాశ్చాత్య సాహిత్యంలోని బాణాల సంప్రదాయంతో కలిపి పరిశీలిస్తుంది. తెలుగులోని సాటి పదాల నిర్మాణాన్ని దానితో పోలుస్తుంది. ప్రేమించినవాణ్ణి బాధితుడిగా చూపే భాష, ప్రేమను నిరాకరించిన వ్యక్తిని ఏ స్థానంలో నిలుపుతుందన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: స్మిటెన్, అర్థవిపరిణామం, పుష్పబాణాలు, కామావస్థలు, మరులు, ఫిదా, ప్రేమోన్మాది.

1. ఉపోద్ఘాతం

ఒక భాషలో ప్రేమకు ఎన్ని మాటలున్నాయో లెక్కించడం సులభం. ఆ మాటల్లో కర్త ఎవరు, కర్మ ఎవరు అని అడగడం అంత సులభం కాదు. 'ప్రేమించాడు' అన్నప్పుడు ప్రేమించినవాడే కర్త. 'స్మిటెన్' అన్నప్పుడు ప్రేమించినవాడు కర్మ అవుతాడు. అతడు ఏమీ చేయలేదు, అతనికి ఏదో జరిగింది. ఆ జరిగినదానికి కర్త ఎవరో వాక్యం చెప్పదు. చెప్పవలసి వస్తే ఆ స్థానంలో వచ్చేది అతడు ప్రేమించిన వ్యక్తి.

ఈ వ్యాకరణ స్వభావం కేవలం అలంకారం కాదు. దాని వెనుక వైద్యం, మతం, కావ్యసంప్రదాయం కలిసిన దీర్ఘచరిత్ర ఉంది. ఆ చరిత్ర ఫలితాలు నేటి వార్తాపత్రికల భాషలోనూ కనిపిస్తాయి.

2. పూత నుండి వేటు దాకా

'స్మిటెన్' అనేది 'స్మైట్' క్రియకు భూతకాలిక కర్మణి విశేషణం. ప్రాచీనాంగ్లంలో ఈ ధాతువుకు 'పూయు, అలుము, మలినపరచు' అనే అర్థాలుండేవి. గోథిక్ భాషలోని సోదరరూపాలకూ పూయడమే అర్థం. జర్మన్‌లో అదే మూలం నుండి వచ్చిన క్రియకు 'విసరు' అని అర్థం. పూత నుండి వేటుకు అర్థం ఎలా మారిందన్న విషయంలో ఒక వివరణ ప్రచారంలో ఉంది. తడికెల గోడలకు మట్టిని విసిరి చరిచే పనిలో పూయడం, విసరడం, కొట్టడం మూడూ ఒకే చేతికదలికలో ఉన్నాయన్నది ఆ వివరణ. ఉత్తర ఇంగ్లండు కొండప్రాంతాల కాపరులు గొర్రెల ఒంటిపై వేసే రంగుగుర్తును 'స్మిట్' అంటారు. పాత అర్థపు జాడ అక్కడ ఇంకా మిగిలి ఉంది. ఉత్తరాది మాండలికాల్లో అదే మాటకు 'అంటురోగం సోకు' అనే అర్థం కూడా ఏర్పడింది.

మధ్యాంగ్ల కాలానికి 'స్మైట్' కొట్టడాన్ని చెప్పే బలమైన క్రియగా నిలిచింది. ఖడ్గంతో నరకడం, పిడుగు పడడం, దేవుడు ప్రజలపై తెగులు పంపడం అన్నీ ఈ క్రియ పరిధిలోకి వచ్చాయి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు దీన్ని విస్తారంగా వాడింది. యెషయా గ్రంథం 53వ అధ్యాయంలో బాధామయ సేవకుణ్ణి వర్ణించేచోట 'స్మిటెన్' అనే రూపమే కనిపిస్తుంది. తెలుగు బైబిలులో అదే వచనంలో 'మొత్తబడిన', 'బాధింపబడిన' అనే కర్మణి రూపాలున్నాయి. ఈ మాట ప్రేమపదం కాకముందు దైవదండనకు చెందిన పదమని గుర్తించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

'ప్రేమకు లోనైన' అనే ప్రత్యేకార్థం 1660ల నుండి నమోదైంది. కాలక్రమంలో మూలక్రియ వాడుక నుండి తప్పుకుంది. నేటి ఆంగ్లంలో 'స్మైట్' పౌరాణికవాసన గల పాతమాట. దాని కర్మణి విశేషణం మాత్రం నిత్యవ్యవహారంలో బతికే ఉంది. కొట్టే క్రియ పోయి కొట్టబడిన స్థితి మిగలడంతో, ఆ దెబ్బకు కర్తను వెతకవలసిన అవసరం కూడా భాషకు లేకుండా పోయింది.

3. కంటి గుండా గుండెకు

ప్రేమ దెబ్బ అన్న ఊహ ఈ పదం కంటే చాలా పాతది. క్రీ.పూ. 3వ శతాబ్దిలో అపొలోనియస్ రచించిన 'ఆర్గొనాటికా' మూడవ సర్గలో ఈరోస్ వేసిన బాణంతో మెడియా ప్రేమలో పడుతుంది. ఒవిడ్ 'మెటమార్ఫోసెస్' మొదటి సర్గలో క్యూపిడ్ రెండు రకాల బాణాలు వాడతాడు. బంగారు ములికి తగిలిన అపోలో ప్రేమలో పడతాడు. సీసపు ములికి తగిలిన డాఫ్నీ ప్రేమను ద్వేషిస్తుంది. అపోలో తరుముతాడు, ఆమె పరుగెడుతుంది, చివరికి చెట్టుగా మారి తప్పించుకుంటుంది. ఇక్కడ దెబ్బ ఇద్దరికీ తగిలింది. కాని కావ్యం చివర శరీరాన్ని కోల్పోయింది డాఫ్నీ ఒక్కతే. చెట్టైన తరువాత కూడా ఆమె ఆకులు అపోలోకే అలంకారమయ్యాయి.

సుమారు 1230లో గియోమ్ ద లోరిస్ ఫ్రెంచిలో ఆరంభించిన 'రోమాన్ ద ల రోజ్' ఈ ఊహను సిద్ధాంతంగా మలిచింది. అందులో ప్రేమదేవుడు ఐదు బాణాలను కంటి గుండా ప్రేమికుడి గుండెలోకి వేస్తాడు. వాటి పేర్లు సౌందర్యం, సారళ్యం, మర్యాద, సాంగత్యం, ప్రసన్నవదనం. అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం అనే మన్మథుడి పంచబాణాలు ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ సంఖ్యాసామ్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే ఒకటి రెండవదానికి మూలమని చెప్పడానికి సామ్యం ఒక్కటే ఆధారం కాజాలదు. తేడా కూడా గమనార్హం. ఫ్రెంచి కావ్యంలోని బాణాలు ప్రేయసి గుణాలు. మన సంప్రదాయంలో బాణాలు ప్రకృతిలోని పూలు. ఉన్మాదనం, తాపనం, శోషణం, స్తంభనం, సమ్మోహనం అనే మరో పట్టిక ఆ బాణాలు కలిగించే ఫలితాలను చెబుతుంది. ఫ్రెంచి ఊహలో గాయానికి కారణం ప్రేయసి అవుతుంది. మన ఊహలో కారణం వసంతమో, మన్మథుడో అవుతాడు.

దృష్టే ప్రేమకు తొలిద్వారమన్న భావన మాత్రం రెండింటికీ సమానం. 'కామసూత్రం' చెప్పిన పది అవస్థల్లో మొదటిది చక్షుఃప్రీతి. ఎనిమిదవది ఉన్మాదం, తొమ్మిదవది మూర్ఛ, పదవది మరణం. కంటితో మొదలైనది ప్రాణంతో ముగుస్తుందన్న ఈ క్రమం కావ్యశాస్త్రానికీ, వైద్యానికీ మధ్య సరిహద్దు లేని కాలానికి చెందినది.

4. ఎమిలీకి తెలియని ప్రేమ

14వ శతాబ్ది చివర చాసర్ రచించిన 'నైట్స్ టేల్'లో ఈ సంప్రదాయం ఆంగ్లంలో పూర్తిరూపం దాల్చింది. చెరలో ఉన్న పాలమన్ గవాక్షం గుండా తోటలో తిరుగుతున్న ఎమిలీని చూసి, గుండెలో పోటు పొడిచినట్లు కేక వేస్తాడు. అతని వెనుక చూసిన ఆర్సైట్‌కూ అదే గాయం తగులుతుంది. ఆమె సౌందర్యం తనను చంపుతోందని అతడు వాపోతాడు. తరువాత ఆర్సైట్ పడిన వేదనను చాసర్ వైద్యులు చెప్పే ప్రేమరోగంతో పోల్చాడు. ఆ రోగభావన యూరపుకు అరబ్బీ వైద్యం ద్వారా చేరింది. ఇబ్నుల్ జజ్జార్ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో కాన్‌స్టంటైన్ ది ఆఫ్రికన్ లాటినీకరించడం ఇందులో ముఖ్యఘట్టం.

కథకు మూలమైన బొకాచ్చో 'తెసెయిదా'లో యువకులు తనను చూస్తున్న సంగతి ఎమిలియాకు తెలుసు, ఆమెకు అది ఇష్టంగానే ఉంటుంది. చాసర్ ఈ అంశాన్ని మార్చాడు. అతని ఎమిలీకి ఏమీ తెలియదు. ఇద్దరూ ఆమె కోసం రక్తం కార్చుకుంటున్న సమయంలో, ఈ గొడవ గురించి ఆమెకు కోకిలకో కుందేలుకో తెలిసినంతే తెలుసునని థీసియస్ పరిహాసమాడతాడు. అంటే 'కొట్టిన' వ్యక్తికి తాను కొట్టినట్లే తెలియదు. మూడవ భాగంలో ఎమిలీ డయానా గుడికి వెళ్లి, తనకు వివాహం వద్దనీ, కన్యగానే అడవుల్లో వేటాడుతూ ఉండాలని ఉందనీ మొక్కుకుంటుంది. కావ్యంలో ఆమె ఇష్టాన్ని ఆమె నోట వినిపించే ఘట్టమిది. ఆ కోరిక నెరవేరదు. ఆర్సైట్ మరణించాక పాలమన్‌కు ఆమెనిచ్చి వివాహం జరిపిస్తారు.

కథను గాయపడినవారి వైపు నుండి చదివితే అది విషాదం, విజయం కలిసిన వీరగాథ. ఎమిలీ వైపు నుండి చదివితే, తాను చేయని పనికి ఆమె చెల్లించిన మూల్యం. చాసర్ ఈ రెండవ పఠనానికి చోటు వదిలాడు, అయితే కథాగతిని దాని ప్రకారం మార్చలేదు.

5. మార్సెలా సమాధానం

మౌనంగా ఉన్న ఎమిలీకి భిన్నంగా, నిందపడిన స్త్రీ స్వయంగా మాట్లాడిన ఘట్టం 1605లో సెర్వాంటెస్ 'డాన్ క్విక్సోట్' మొదటి భాగంలో వస్తుంది. గ్రిసోస్తొమో అనే యువకుడు మార్సెలాపై ప్రేమతో కుమిలి మరణిస్తాడు. మిత్రులు ఆమెను హంతకిగా నిందిస్తూ అంత్యక్రియలు జరుపుతుంటారు. 14వ అధ్యాయంలో ఆమె కొండపై ప్రత్యక్షమై తన వాదం వినిపిస్తుంది. అందమైనది ప్రేమపాత్రమవుతుందని అంగీకరించినా, ప్రేమించబడినందువల్ల తిరిగి ప్రేమించాలన్న బాధ్యత ఏర్పడదంటుంది. తాను ఎవరికీ ఆశ చూపలేదనీ, అతణ్ణి చంపింది తన క్రూరత్వం కాదనీ, అతని పట్టుదలేననీ స్పష్టం చేస్తుంది.

ఈ వాదం విశేషం దాని తర్కంలో ఉంది. 'ఆమె నన్ను గాయపరిచింది' అనే వాక్యంలోని కర్తృత్వాన్ని ఆమె తిరస్కరించింది. గాయం అబద్ధమని ఆమె అనలేదు. గాయానికి తాను కర్తను కానంది. ప్రేమ నిజమైనా నింద నిజం కానక్కరలేదన్న ఈ విభజన, అంతవరకు బాణాల సంప్రదాయంలో మరుగునపడి ఉన్న విషయాన్ని బయటపెట్టింది. థామస్ షెల్టన్ అనువాదం ద్వారా 1612లో ఈ ఘట్టం ఆంగ్లపాఠకులకు అందింది.

6. రోగం నుండి సరసం దాకా

రాబర్ట్ బర్టన్ 1621లో ప్రకటించిన 'అనాటమీ ఆఫ్ మెలంకలీ' మూడవ విభాగంలో ప్రేమవిషాదాన్ని రోగంగా విస్తరించి చర్చించాడు. కారణాలు, లక్షణాలు, చికిత్సలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకే 'స్మిటెన్' ప్రేమార్థంలో కనిపించడం గమనించదగినది. 1660లో రెండవ చార్లెస్ తిరిగి రాజ్యానికి వచ్చాడు. మూతపడిన నాటకశాలలు తెరుచుకున్నాయి. ఇంగ్లండు వృత్తినాటకరంగంపై స్త్రీలు నటించడం ఆ కాలంలోనే మొదలైంది. అంతఃపురంలోనూ నాటకశాలలోనూ చమత్కారసంభాషణకు విలువ పెరిగింది. దైవశిక్షను చెప్పిన మాటను ఒక సాయంకాలపు ఆకర్షణకు వాడడంలోని అతిశయోక్తి అటువంటి వాతావరణానికి సరిపోయింది.

ఆంగ్లంలో ప్రేమవివశతను చెప్పే మరికొన్ని మాటలూ ఇదే మార్గంలో నడిచాయి. 'ఇన్‌ఫాచ్యుయేటెడ్' లాటిన్‌లో 'మూర్ఖుణ్ణి చేయు' అనే క్రియ నుండి వచ్చింది. 'బిసాటెడ్' మూర్ఖుణ్ణీ తాగుబోతునూ చెప్పే మాట నుండి పుట్టింది. 'క్రష్' నలిపివేతను సూచించి, 19వ శతాబ్ది చివర అమెరికా యువతరం మాటల్లో ప్రేమార్థం పొందింది. ఇవన్నీ హింస, మతిభ్రమ, మత్తు అనే మూడు క్షేత్రాల నుండి వచ్చినవే. బరువు తగ్గాక అవి ముద్దుమాటలయ్యాయి.

7. గాయానికి మూలం లోపలే

19వ శతాబ్దిలో దెబ్బకు కారణాన్ని బయట కాక ప్రేమించినవారి మనసులోనే వెతికే ధోరణి బలపడింది. స్టెందాల్ 1822లో 'దె ల అమూర్' గ్రంథంలో స్ఫటికీకరణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. సాల్జ్‌బర్గ్ ఉప్పుగనుల్లో పడవేసిన ఎండుకొమ్మ కొన్ని నెలల్లో స్ఫటికాలతో మెరుస్తుంది. ఆ మెరుపు కొమ్మది కాదు. ప్రేయసికి ప్రేమికుడు ఆపాదించే గుణాలు కూడా అటువంటివే. 'ఫస్ట్ ఇంప్రెషన్స్' అనే తొలిపేరుతో ఆరంభమై 1813లో వెలువడిన జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవల తొలిచూపు తీర్పులనే పరీక్షకు పెట్టింది. కృతజ్ఞత, గౌరవం నుండి పెరిగే ప్రేమకు అది పెద్దపీట వేసింది.

1979లో అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త డొరతీ టెనోవ్ 'లవ్ అండ్ లిమరెన్స్' గ్రంథంలో ఈ స్థితికి 'లిమరెన్స్' అనే కొత్త పేరు స్థిరపరిచింది. ఆపలేని తలపులు, ఎదుటివారి స్పందన కోసం తీవ్రమైన ఆరాటం, చిన్న సంకేతాన్నీ అనుకూలంగా వ్యాఖ్యానించుకోవడం దాని లక్షణాలు. పూర్వపు పదాల అర్థభారం వద్దనుకునే ఆమె వ్యుత్పత్తి లేని మాటను కల్పించింది. కొట్టినవారు, మంత్రం వేసినవారు, మత్తు పెట్టినవారు ఎవరూ ఆ పదంలో లేరు.

8. తెలుగులో సాటి మాటలు

'స్మిటెన్'ను తెలుగులోకి తేవడంలో తొలి అవరోధం వ్యాకరణమే. 'బడు' చేర్చిన కర్మణి ప్రయోగం తెలుగు వ్యవహారంలో అరుదు. 'దెబ్బ తిను', 'మనసు పడు' వంటి రూపాల్లో అనుభవించేవాడే కర్తగా నిలుస్తాడు. 'వలచు', 'మోహించు' పూర్తిగా కర్తరి క్రియలు. 'మరులుకొను'లో 'కొను' ఆత్మార్థకం. మరులును ఎవరో పెట్టినా, దాన్ని గ్రహించేవాడు తానే. 'మరులు'కు సోదరపదాలైన తమిళ 'మరుళ్', కన్నడ 'మరుళు' భ్రమను, వెర్రిని, దయ్యాన్ని చెబుతాయి. దారి తప్పించే మొక్కగా జనవిశ్వాసంలో ఉన్న 'మరులుతీగ' పేరులోనూ ఆ అర్థమే ఉంది. సంస్కృతం నుండి వచ్చిన 'మోహం' కూడా భ్రమార్థకమైన 'ముహ్' ధాతువు నుండే ఏర్పడింది. 'ముగ్ధ', 'మూఢ' రెండూ ఆ ధాతువు నుండి వచ్చిన క్తాంతరూపాలే. ఒకటి సౌకుమార్యానికీ, మరొకటి అవివేకానికీ స్థిరపడ్డాయి.

నేటి వాడుకలో 'స్మిటెన్'కు దగ్గరగా ఉన్న మాట 'ఫిదా'. అరబ్బీలో దీనికి విముక్తిమూల్యం, బలిదానం అని అర్థం. ఉర్దూ ద్వారా తెలంగాణ వ్యవహారంలోకి వచ్చి, ఇప్పుడు తెలుగు పత్రికలన్నిటా వినిపిస్తోంది. శేఖర్ కమ్ముల దర్శకత్వంలో 2017లో వచ్చిన చలనచిత్రానికి అదే పేరు. 'ఫిదా'లోనూ ప్రాణమే ప్రస్తావన, కాని ఇక్కడ ప్రాణాన్ని ఎవరూ తీయరు. ఫిదా అయినవాడే దాన్ని అర్పిస్తాడు.

పదాలు కర్తరిగా ఉన్నంత మాత్రాన కథలు నిర్దోషమైనవని చెప్పలేము. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో మరులుకొన్నది వరూధిని, నిరాకరించినది ప్రవరుడు. అగ్నిని ప్రార్థించి అతడు ఇంటికి చేరుకుంటాడు. అతని నిరాకరణకు కావ్యం రక్షణ కల్పించింది. అదే వరూధిని గతంలో నిరాకరించిన గంధర్వుడు మాత్రం ప్రవరుడి రూపం ధరించి ఆమెను పొందుతాడు. ఆమె నిరాకరణకు అటువంటి రక్షణ దొరకలేదు. ఒకే కథలోని ఈ రెండు నిరాకరణల ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరం.

9. 'ప్రేమోన్మాది' అనే శీర్షిక

నిరాకరించిన యువతిపై దాడి జరిగినప్పుడు తెలుగు వార్తల్లో తరచు కనిపించే మాట 'ప్రేమోన్మాది'. కామావస్థల పట్టికలోని ఉన్మాదం ఇక్కడ నేరవార్త శీర్షికగా మారింది. నిందించే ఉద్దేశంతోనే ఈ మాటను వాడుతున్నా, దాని నిర్మాణం వేరొకటి చెబుతుంది. 'ఉన్మాది' తన వశంలో లేనివాడు. 'ప్రేమ' అతని ఉన్మాదానికి కారణం. ఆయుధం సేకరించి, దారి కాచి, సమయం చూసి చేసిన పనికి ఈ సమాసం ఆవేశపు ముసుగు వేస్తుంది. గాయపడినది ఆమె అయినా, పదంలో గాయపడినవాడుగా అతడే మిగులుతాడు.

చట్టం ఈ విషయంలో భాష కంటే ముందుంది. 2013 నాటి నేరచట్ట సవరణ భారత శిక్షాస్మృతిలో 354-డి సెక్షనును చేర్చింది. స్త్రీ స్పష్టంగా విముఖత తెలిపిన తరువాత కూడా పదేపదే వెంబడించడం, సంప్రదించడం దాని ప్రకారం నేరం. ఆమ్లదాడికి 326-ఎ సెక్షను వచ్చింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలో వెంబడింపు 78వ సెక్షనులో, ఆమ్లదాడి 124వ సెక్షనులో ఉన్నాయి. ఈ నిబంధనలు అతడు ఎంతగా ప్రేమించాడని అడగవు. అతడు ఏమి చేశాడని, ఆమె ఏమి చెప్పిందని అడుగుతాయి. మార్సెలా కొండపై నుండి చేసిన విభజన ఇదే.

10. ముగింపు

'స్మిటెన్' పూత నుండి వేటుకు, దైవదండన నుండి రోగానికి, రోగం నుండి సరసానికి ప్రయాణించింది. ఈ ప్రయాణంలో దాని బరువు తగ్గినా వ్యాకరణం మారలేదు. ప్రేమించినవాడు కర్మగానే ఉండిపోయాడు. ప్రేమ తనంత తాను కలుగుతుందన్న అనుభవసత్యం ఆ వ్యాకరణంలో ఉంది. దాన్ని కాదనవలసిన పని లేదు. ఆ అనుభవం తరువాత చేసే పనులకు మాత్రం కర్త ఉంటాడు. కావ్యపాఠం చెప్పేటప్పుడు పంచబాణాలను, పది అవస్థలను వివరించడంతో ఆగక, వాటి ఎదుట నిలిచిన ఎమిలీ, డాఫ్నీ, వరూధిని ఏమి కోరారని కూడా అడగడం సాహిత్యబోధనలో భాగం కావాలి. తెలుగు పత్రికాభాష 'ప్రేమోన్మాది'ని విడిచి 'దాడి చేసినవాడు', 'నిందితుడు' అని రాసినప్పుడు, వార్తలోని వాక్యానికి సరైన కర్త దొరుకుతాడు.